సందేహం: అమెరికాలో బల్ల మీద శేషాచలం కట్టాలంటే ఏం కొనాలి?

"అన్నా, మాది తిరుపతి. వచ్చే నెల చదువుకోసం అమెరికా పోతున్నా. వార్‌హామర్ లాంటి, చిన్న సైనికుల బొమ్మలతో బల్ల మీద ఆడే యుద్ధపు ఆటలంటే నాకు పిచ్చి. అక్కడ ఆడేవాళ్లు బల్ల మీద కొండలు, కోటలు సొంతంగా చేసుకుంటారంట కదా. నేను మన శేషాచలం, చంద్రగిరి కోట చేద్దామనుకుంటున్నా. ఇక్కడినుంచి ఏం తెచ్చుకోవాలి, అక్కడ ఏం కొనాలి?"

తమ్ముడూ, ముందు తేకూడనిది చెప్తాను. అలిపిరి ఎర్రమట్టి ఒక డబ్బాలో పోసుకుని రావద్దు. బయటి దేశాల మట్టిని పర్మిట్ లేకుండా అమెరికాలోకి రానివ్వరు. విత్తనాలు, ఎండుకాయలు కూడా టెన్షనే. ఎర్రచందనం చెక్క గురించి మన ఊరివాడికి వేరే చెప్పాలా!

తెచ్చుకోవలసింది ఫొటోలు. ఘాట్ రోడ్డు పక్కన కొండను కోసిన చోట్ల రాతి పొరలు, చంద్రగిరి కోటగోడ, రాజమహల్, తిరుమలలో శిలాతోరణం, అన్నీ తీసుకో. ప్రతి ఫొటోలో ఒక మనిషి నిలబడి ఉంటే కొలత తెలుస్తుంది. నువ్వు ఆడే 28 మిల్లీమీటర్ల బొమ్మలకు అసలు కొలతను సుమారు 60తో భాగిస్తే చాలు. శిలాతోరణం దాదాపు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. అంటే బల్ల మీద 13 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు. దాని కింద బొమ్మ హాయిగా దూరిపోతుంది.

ఇక కొండ. దసరా కొలువు దగ్గర పెట్టే కొండ ముందునుంచి బాగుంటే చాలు. ఆటలో కొండ అలా కాదు, నాలుగు వైపులా చేతులు పడతాయి, బొమ్మలు ఎక్కి నిలబడాలి. ఏటవాలుగా చేస్తే ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటుంది, ఆటలో బొమ్మలన్నీ జారి పడతాయి. అందుకే మెట్లుగా కట్టు. బొమ్మ పీఠం 32 మిల్లీమీటర్లయితే మెట్టు వెడల్పు కనీసం 4 సెంటీమీటర్లు ఉండాలి. మన కొండలు పొరలు పొరలుగా నిట్టనిలువుగా ఉండడం ఇక్కడ నీకు కలిసొస్తుంది.

దీనికి కావలసిన ఫోమ్ కోసం క్రాఫ్ట్ షాపుకు పోవద్దు. అక్కడ చిన్న ముక్కకే చాలా తీసుకుంటారు. ఇళ్ల సామాన్లమ్మే హోమ్ డిపో, లోస్‌లలో గోడల్లో వేడి ఆపడానికి వాడే గులాబీ లేదా నీలం రంగు ఫోమ్ షీట్ అడుగు. పూసలు పూసలుగా రాలే తెల్లది వద్దు, కోస్తే ఇల్లంతా మంచు కురిసినట్టు అవుతుంది. ఒక అంగుళం మందం తీసుకుంటే ఒక్కో పొర మన కొలతలో మనిషి భుజం ఎత్తు వస్తుంది. పొరల మధ్య తెల్ల జిగురు పోస్తే గాలి ఆడక రోజుల తరబడి ఆరదు. ఫోమ్‌కు పనికొచ్చే నిర్మాణపు జిగురు రాసి, పళ్లపుల్లలు గుచ్చి బిగించు.

క్రాఫ్ట్ షాపులో కొనాల్సినవి కార్క్ షీటు, ఆక్రిలిక్ రంగులు, మాడ్ పాడ్జ్ (పైపూతగా కూడా పనికొచ్చే జిగురు), నాచు. కార్క్‌ను కత్తితో కోయకుండా చేత్తో చించి అంచులకు అతికించు, ఘాట్ రోడ్డు రాయి దిగిపోతుంది. తోటసామాను దగ్గర దొరికే పైన్ బెరడు ముక్కలూ అంతే, ఇంకా చవక. మైకేల్స్ అనే క్రాఫ్ట్ షాపుకు వెళ్లేముందు ఫోన్‌లో కూపన్ చూసుకో. హాబీ లాబీ అనే ఇంకో షాపు ఆదివారం తెరవరు. పాత వీడియోల్లో జోఆన్‌లో కొనమని చెప్తారు గానీ, ఆ షాపులన్నీ 2025లోనే మూతపడ్డాయి.

కొత్తవాళ్ల కొండలు ఎక్కువగా పాడయ్యేది రంగు దగ్గరే. స్ప్రే డబ్బా రంగును ఫోమ్ మీద నేరుగా కొడితే అందులోని ద్రావకం ఫోమ్‌ను కరిగించి గుంటలు చేస్తుంది. మాడ్ పాడ్జ్‌లో నల్లరంగు కలిపి సందు వదలకుండా బ్రష్‌తో పూయి. అది ఆరాక గట్టి పెంకు అవుతుంది. దాని మీద ఇటుక ఎరుపు వేయి. చివర్లో లేత గోధుమరంగు అద్దిన బ్రష్‌ను కాగితానికి దాదాపు పొడిగా తుడిచి, అంచుల మీద తేలిగ్గా ఆడించు. వేడి తీగతో ఫోమ్ కోస్తే మాత్రం కిటికీలు తెరిచే కోయి, ఆ పొగ మంచిది కాదు.

రాజమహల్‌కు ఐస్‌క్రీం పుల్లలు కొనకు. అసలు భవనంలోనే కలప లేదు, అంతా రాయి, ఇటుక, సున్నం. పలుచని ఫోమ్ మీద పెన్సిల్‌తో గీతలు గీసి, నలిపిన అల్యూమినియం రేకు ఉండను దొర్లిస్తే రాతి గరుకు వస్తుంది. మూడంతస్తులూ విడివిడిగా ఊడేలా చెయ్యి, లోపల కూడా బొమ్మలు పెట్టొచ్చు.

కొండ మొత్తం ఒకే ముక్కగా కట్టకు. లీజు అయిపోగానే ఇల్లు మారడం స్టూడెంట్లకు మామూలే. ఏ ముక్కా ఒక మామూలు అట్టపెట్టెకు మించకుండా చూసుకో.