కోబుర్గ్ జెండాలు కుడతానంటున్న మేనకోడలికి

తల్లీ,

నువ్వు మీ కోబుర్గ్ ఊరి జెండాలు, చిహ్నాలు కాలం వారీగా గుడ్డ మీద కుట్టి కాలేజీలో ప్రదర్శన పెడతావని మీ నాన్న నిన్న ఫోన్లో చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! జర్మనీ వచ్చాక నా బతుకంతా జెండాలు కుట్టే మిషన్ ముందే గడిచింది. మన ఇంట్లో ఇంకొకరు సూది పట్టుకుంటారని అనుకోలేదు. కానీ పడుకున్నాక టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

చిన్న పనులు ముందు. మీ రాష్ట్రం బవేరియాలో ఊరి చిహ్నాన్ని గానీ జెండాని గానీ వేరేవాళ్లు వాడాలంటే ఊరి అనుమతి ఉండాలని చట్టం. రాట్‌హౌస్‌కి, అదే ఊరి మున్సిపల్ ఆఫీసుకి, ఇవాళే మెయిల్ పెట్టు. ఊరి చిహ్నం వేసేది డాలు మీద. ఆ డాలుకి కుడివైపు అంటే దాన్ని పట్టుకున్నవాడి కుడి, చూసేవాళ్లకి ఎడమ. పసుపంటే బంగారం, తెలుపంటే వెండి, ఆ రెండూ లోహాల కింద లెక్క. లోహం మీద లోహం, రంగు మీద రంగు వెయ్యరు, దూరం నుంచి కనపడదు కాబట్టి. కోబుర్గ్ డాలు చూడు, పసుపు నేల మీద నల్లటి తల. వీధి అవతలి నుంచి కూడా ఎవరిదో తెలిసిపోతుంది.

ఆ తల సెయింట్ మారిస్‌ది. ఈజిప్టు నుంచి వచ్చిన రోమన్ దళానికి నాయకుడని చెప్పుకుంటారు. ఆ ఊరికి రక్షకుడు ఆయనే. రాట్‌హౌస్ కప్పు మీద నిలబడ్డ బొమ్మా ఆయనదే. చేతిలో దండం బ్రాట్‌వుర్స్ట్ (ఇక్కడి మాంసం సాసేజ్) పొడవు కొలవడానికని ఊళ్లోవాళ్లు నవ్వుతూ చెబుతారు. మ్యాన్‌హోల్ మూతల మీద కూడా ఉంటాడు, నడిచేటప్పుడు చూసే ఉంటావు.

ఇప్పుడు నా భయం. ఆ ఊరు చేసిన తప్పు ఒకటుంది, నీ ప్రదర్శనలో అది రాకుండా ఉండదు. 1929లో నాజీ పార్టీకి ఊరి కౌన్సిల్లో పూర్తి మెజారిటీ ఇచ్చిన మొదటి జర్మన్ పట్టణం కోబుర్గ్. హిట్లర్ దేశాన్ని చేతిలోకి తీసుకున్నది 1933లో. అంతకు రెండేళ్ల ముందే, 1931లో, ఈ ఊరి రాట్‌హౌస్ మీద స్వస్తిక జెండా ఎగిరింది. 1934లో మారిస్ తలని డాలు మీద నుంచి తీసేశారు. నల్లవాడి ముఖం తమ ఊరికి గుర్తుగా ఉండటం వాళ్లకి నచ్చలేదు. ఆ చోట కత్తి పెట్టారు, కత్తి పిడి చివర స్వస్తిక. 1945లో వాళ్లు పోయాకే మారిస్ తిరిగొచ్చాడు. శతాబ్దాలుగా ఊరిని కాచాడని మొక్కిన ముఖాన్ని ఊరివాళ్లే ఎలా దించగలిగారో, ఎన్నేళ్లయినా నాకు మింగుడు పడదు.

నీ సంగతి నాకు తెలుసు. చరిత్ర పూర్తిగా ఉండాలని ఆ కత్తి కూడా కుడతానంటావు. వద్దు. నాజీ గుర్తులు బయట చూపిస్తే ఇక్కడ మూడేళ్ల వరకు జైలు లేదా జరిమానా. చదువు కోసం, చరిత్ర కోసం అయితే మినహాయింపు ఉంది, అదీ నాకు తెలుసు. కానీ ఎవరో ఫోన్లో ఆ ఒక్క గుడ్డే ఫొటో తీసి, పక్కనున్న వివరం కత్తిరించి పంపిస్తే? ఆ గుడ్డ పక్కన నువ్వు నిలబడి ఉంటావు. మన గుమ్మం మీద పసుపుతో వేసే స్వస్తిక్ వేరని అప్పుడు ఎవరికి చెబుతావు, ఎంతసేపు చెబుతావు? ఇక్కడ ఆ గుర్తు చూడగానే చచ్చిపోయిన తమవాళ్లు గుర్తొచ్చే కుటుంబాలున్నాయి. వాళ్లని ఆగి వినమనే హక్కు మనకి లేదు.

1934 దగ్గర ఉత్త పసుపు గుడ్డ వేలాడదియ్యి. అంచులు మడిచి శుభ్రంగా కుట్టు. ఏం తీసేశారో, ఏం పెట్టారో కింద జర్మన్లో రాయి. ఆ మాటలకి నీ జర్మన్ టీచర్ చేత తప్పులు దిద్దించు.

ఇంకో మాట. ఎర్రటి పెదాలు, చెవికి పోగు ఉన్న ఆ తల బొమ్మ నల్లవాళ్లని వెక్కిరించినట్టుందని 2020లో కొందరు పిటిషన్ పెట్టారు. ఊరు మార్చలేదు. వాళ్ల బాధ ఉత్తదని నేననను. అలాగని ఆ తలని మళ్లీ దించమనడానికీ నాకు నోరు రాదు, ఒకసారి దించింది ఎవరో తెలుసు కాబట్టి. నువ్వు ఊరివాళ్లు ఇచ్చిన బొమ్మనే కుట్టు. పక్కన మాగ్డెబుర్గ్ చర్చిలోని మారిస్ విగ్రహం ఫొటో పెట్టు. పదమూడో శతాబ్దపు రాయి అది. కవచం తొడుక్కుని, ఎంత హుందాగా ఉంటుందో ఆ నల్లటి ముఖం! నీ రంగు గురించి పెళ్లిళ్లలో చుట్టాలు అన్న మాటలు నేను మర్చిపోలేదు, వాళ్లకి నేనిచ్చిన జవాబూ మర్చిపోలేదు. ఆ ఊళ్లో ఎవరైనా ఆ బొమ్మని నీతో పోల్చి ఒక్క కూత కూస్తే వెంటనే నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా సరే. నీలో నువ్వే దాచుకోకు.

ఆ ముఖం నల్ల దారంతో ఒకే వైపు కుట్టకు, చదునుగా వస్తుంది. ముక్కు దగ్గర, చెంప మీద కుట్టు దిశ మార్చు. పోగు చివర్లో వెయ్యి. దారం కొనకు, నా దగ్గర మిగిలిన ఉండలు పార్సిల్ చేస్తున్నా. గుడ్డ కొలతలు ఆదివారంలోపు పంపించు.

మీ అత్తయ్య