క్యారమ్ బోర్డుకి కాళ్లు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. సెలవులొస్తే మా పిల్లలిద్దరూ, మా ఆడపడుచు పిల్లలూ కలిసి క్యారమ్స్ మీద పడతారు. బోర్డు డైనింగ్ టేబుల్ మీద పెడితే చిన్నవాళ్లకి అందదు. మంచం మీద పెడితే ఊగుతుంది. కింద పెడదామంటే మా మామగారికి మోకాళ్ల నొప్పులు. అన్నం వేళకి ఆట ఎత్తమంటే రోజూ గొడవే. పేకముక్కలు, అష్టాచమ్మా, వ్యాపారం ఆట కూడా ఆడుకునేలా టేబుల్ చేయిద్దామంటే ఎనిమిది వేలు అడిగారు. మూడు వేలలోపు మేమే చేసుకోగలమా? మాది అద్దె ఇల్లు, రెండో అంతస్తు.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చేసుకోగలరమ్మా. అయితే టేబుల్ వద్దు, స్టాండ్ చెయ్యండి. పైపలక మీ ఇంట్లో ఎలాగూ ఉంది, క్యారమ్ బోర్డే. దాని కింద మూడంగుళాల లోతు పెట్టె ఒకటి వస్తే చాలు. బోర్డు తీస్తే చుట్టూ గట్టున్న బల్ల, ముక్కలూ గవ్వలూ కింద పడవు. వ్యాపారం ఆట మధ్యలో అన్నానికి పిలుపొస్తే బోర్డు మూతేసి వెళ్లిపోవచ్చు. తిరిగొచ్చేసరికి ఎవరి ఊళ్లు వాళ్లవే, ఎవరి నోట్లు వాళ్లవే.

ముందు ఎత్తు. పోటీల్లో బోర్డు ఉపరితలం నేల నుంచి 63 నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. అంటే సుమారు 25 నుంచి 27న్నర అంగుళాలు. డైనింగ్ టేబుల్ ఒక్కటే 30 అంగుళాలుంటుంది, దాని మీద మళ్లీ బోర్డు. చిన్నవాళ్లకి అందదంటే అందదు మరి. స్టాండు 25 అంగుళాలు పెట్టుకుంటే బోర్డుతో కలిపి సరిపోతుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. మొదటిసారి కాళ్లు నాలుగూ సరిగ్గా బోర్డు మూలల కింద పెట్టాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఆట మొదలయ్యాక తెలిసింది, గుంటల కింద వేలాడే వలలు సరిగ్గా కాళ్ల మీదే కూర్చున్నాయి. రెండు కాయిన్లు పడగానే వల నిండిపోయేది, మూడోది గుంటలోంచి తల బయటపెట్టి చూసేది. ప్రతి ఆటకీ బోర్డు ఎత్తి కాయిన్లు ఏరుకోవాల్సి వచ్చేది. మా ఆవిడ ఇప్పటికీ ఎవరొచ్చినా ఈ కథ చెప్తుంది.

అందుకని స్టాండు బోర్డు కన్నా లోపలికి ఉండాలి. పెద్ద బోర్డు బయటి కొలత 33 అంగుళాలు అనుకుంటే చట్రం 24 అంగుళాల చదరం చాలు. మీ బోర్డు చిన్నదైతే తిరగేసి, వలలు తగలకుండా ఎంత వస్తుందో కొలుచుకోండి.

కలప కొత్తది కొనకండి. పాత ఇళ్లు పడగొట్టిన కలప అమ్మే అడితికి వెళ్లి రెండంగుళాల మందం కర్ర తొమ్మిది అడుగులు, నాలుగంగుళాల వెడల్పు, అంగుళం మందం పలక ఎనిమిది అడుగులు, రెండంగుళాల పట్టీ ఎనిమిది అడుగులు అడగండి. కొలతలిచ్చి అక్కడే కోయించి, చిత్రిక పట్టించండి. మేకులు మిగిలాయేమో చేత్తో తడిమి చూసుకోండి. కాళ్లు 25 అంగుళాలవి నాలుగు. చట్రానికి పలకలు 24 అంగుళాలవి రెండు, 22వి రెండు. పట్టీలు కూడా అంతే. అడుగుకి ప్లైవుడ్ షాపులో మిగులు ముక్క దొరుకుతుంది, ఆరు ఎం.ఎం. చాలు.

కాళ్లు చట్రం లోపలి మూలల్లో నిలబెట్టి బోల్టులు బిగించండి. మేకులు కొడితే నెలలో ఊగుతుంది. పక్కపక్క పలకల బోల్టులు ఒకే ఎత్తులో ఉంటే కర్రలో ఢీకొంటాయి, ఒకటి పైకీ ఒకటి కిందకీ వెయ్యండి. బర్మాతో, అంటే కన్నాలు వేసే పనిముట్టుతో, ముందు కన్నం పెట్టాలి, లేకపోతే పాత కర్ర చీలుతుంది. నేలకి అయిదంగుళాల ఎత్తులో చుట్టూ పట్టీలు తప్పనిసరి. ఇల్లు మారేటప్పుడు బోల్టులు విప్పితే అన్నీ గోనెసంచిలో పడతాయి.

అన్నీ బిగించాక బోర్డు మధ్యలో గోళీ పెట్టండి. దొర్లిందంటే నేలో స్టాండో వంకర. పొడుగ్గా కనిపించిన కాలు కోయబోకండి. ఒకటి కోస్తే ఇంకోటి పొడుగవుతుంది, చివరికి పీట మిగులుతుంది. పొట్టి కాలి కింద రబ్బరు బుష్ వెయ్యండి. చట్రం అంచు మీద పాత సైకిల్ ట్యూబు ముక్కలు అంటిస్తే బోర్డు జారదు.

పెట్టె అడుగున పాత రగ్గు ముక్క పరచండి. నున్నటి బల్ల మీద పేకముక్క గోరుకి అందదు, రగ్గు మీద ఇట్టే లేస్తుంది. ఫెవికాల్‌తో మాత్రం అంటించొద్దు. బోరిక్ పౌడర్ అందులోకి రాలుతూనే ఉంటుంది, తీసి దులుపుకోవాలి. రగ్గుకి రెండో వైపు టైలర్ చాక్‌తో మూడున్నర అంగుళాల గడులు, అయిదు వరసలు గీస్తే అష్టాచమ్మా తయారు. మూలల్లో కనిపించే కాళ్ల కొసల మీద గవ్వలు పెట్టుకోవచ్చు.

నాకు రెండేళ్ల కిందట కలప, కోత 1,400, బోల్టులు 180, ప్లైవుడ్ 150, గరుకు కాగితం, వార్నిష్ 350, మొత్తం 2,080 రూపాయలయింది. మీకు కాస్త అటూఇటూ. మామగారికి ఒక్కమాట చెప్పండి, బోర్డు అంచు మీద చేతులాన్చి లేవొద్దని. అంచు బయటికి ఉంటుంది కదా, బోర్డు తిరగబడుతుంది.

ప్రశ్న: మా బోర్డు మధ్యలో కుంగింది. పౌడర్ ఎక్కువేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: పౌడర్‌తో కుంగు పోదండీ. గోడకి ఏటవాలుగా ఆనించి ఉంచారా? సముద్రపు గాలి తేమకి అది చాలు. బోర్డు తిరగేసి కింద అడ్డపట్టీల స్క్రూలు బిగించి, వారం రోజులు మంచం కింద బల్లపరుపుగా పెట్టి చూడండి. పలచటి ప్లైవుడ్ అయితే మాత్రం లేవదు. పోటీ బోర్డులకి కనీసం 8 ఎం.ఎం. ప్లైవుడ్ ఉండాలి, కొత్తది కొనేటప్పుడు గుంట అంచు దగ్గర మందం చూసి కొనండి.