ఫర్నేస్ వెలిగింది సరే, పొగ ఎటు పోతోంది?

చలి మొదలైందంటే అమెరికాలో ఉన్న మనవాళ్ల దగ్గర్నుంచి ఫర్నేస్ (ఇల్లంతా వెచ్చబెట్టే గ్యాస్ యంత్రం) ప్రశ్నలు కూడా మొదలవుతాయి. ఈసారి మూడు అక్కడివే, నాలుగోది హైదరాబాద్‌ది, కానీ గొడవ ఒకటే కాబట్టి అన్నీ కలిపేశా.

ప్రశ్న: సార్, మాది మిషిగన్‌లో నోవై. గ్యాస్ ఫర్నేస్‌కి 22 ఏళ్లు నిండాయి, మార్చాలి. ఒక కంపెనీవాళ్లు పర్మిట్‌తో కలిపి రేటు చెప్పారు. తెలిసినాయన ఒకరు పర్మిట్ గిర్మిట్ ఏం వద్దు, శనివారం వచ్చి పెట్టేస్తా, మీకు 1500 డాలర్లు మిగులుతాయి అంటున్నారు. పాతది తీసి అదే చోట కొత్తది పెట్టడానికి పర్మిట్ ఎందుకండీ?

జవాబు: ఫ్రిజ్ మార్చినట్టే కదా అని అందరికీ అనిపిస్తుంది, కానీ ఫ్రిజ్‌కి ఒక ప్లగ్గు చాలు, ఫర్నేస్‌కి గ్యాస్ లైను, కరెంటు, మండటానికి గాలి, పొగ బయటికి పోయే గొట్టం, ఇవన్నీ కుదరాలి, పైగా ఇప్పుడొచ్చే 90 శాతం పైన ఎఫిషియెన్సీ (కాల్చిన గ్యాస్ వేడిలో ఇంటికి దక్కే వంతు) ఉన్నవాటికైతే నీళ్లు పోయే పైపు కూడా కావాలి. మీ పాతది బహుశా 80 శాతందై ఉంటుంది. దాని పొగ బాగా వేడిగా ఉంటుంది కాబట్టి రేకు గొట్టంలో పైకి లేచి చిమ్నీలోంచి వెళ్లిపోతుంది. కొత్తది ఆ వేడిని కూడా పిండేసుకుంటుంది, దాంతో పొగ చల్లబడి అందులోని ఆవిరి నీళ్లయిపోతుంది, ఆ నీళ్లకి ఆమ్లగుణం ఉంటుంది, పాత రేకు గొట్టానికి తగిలిస్తే దాన్ని తినేస్తుంది. అందుకే దానికి వేరేగా పీవీసీ పైపు వేసి పక్క గోడలోంచి బయటికి తీస్తారు. అంటే "అదే చోట" అనేది మాటవరసకే, సగం పని కొత్తదే.

పర్మిట్ తీసుకుంటే సిటీ నుంచి ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఆయన చూసేవి చిన్న చిన్నవే. గ్యాస్ కట్టేసే వాల్వు అదే గదిలో ఫర్నేస్‌కి 6 అడుగుల లోపు ఉందా, గ్యాస్ పైపు లోపలికి వెళ్లేముందు కిందకి ఒక 3 అంగుళాల తోక వేలాడుతోందా (పైపులో వచ్చే చెత్త, తడి అందులో పడిపోవాలి, వాల్వులోకి పోకూడదు), పసుపు రంగు ఫ్లెక్సిబుల్ గొట్టాన్ని ఫర్నేస్ రేకు కన్నంలోంచి దూర్చేశారా. ఈ చివరిది మనవాళ్లు తెగ చేస్తారు. బ్లోయర్ (వేడిగాలిని తోసే ఫ్యాన్) తిరిగినప్పుడల్లా రేకు అదురుతుంది, ఆ అంచు గొట్టాన్ని కొద్దికొద్దిగా కోస్తుంది, అందుకే రేకు దాటేదాకా ఇనప పైపే ఉండాలి. ఎదర 30 అంగుళాల జాగా ఉందా, కరెంటు స్విచ్చి కనపడేంత దగ్గర్లో ఉందా అని కూడా చూస్తాడు. అక్కడ ఎక్కువ రాష్ట్రాలు ఇంటర్నేషనల్ ఫ్యూయల్ గ్యాస్ కోడ్‌నో, ఎన్ఎఫ్‌పీఏ 54 అనే ఇంకో గ్యాస్ కోడ్‌నో తీసుకుని వాటికి తమ మార్పులు కలుపుకుంటాయి, కాబట్టి నేను చెప్పినదానికీ మీ ఊరి రూలుకీ తేడా వస్తే మీ సిటీ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్ మాటే లెక్క. ఇంకోటి, కంపెనీ ఇచ్చిన ఇన్‌స్టలేషన్ పుస్తకంలో ఉన్నదాన్ని పాటించాలని కోడే అంటుంది. పైపు ఎంత పొడుగు, ఎన్ని ఎల్బోలు అనే టేబుల్ అందులోనే ఉంటుంది, మీ శనివారం ఆయన ఆ పేజీ తెరుస్తాడా అనేదే నా అనుమానం.

నా సొంత కథ ఒకటి. షికాగో దగ్గర ఉన్నప్పుడు మా ఇంటికి ఇలాగే ఒకాయన చవగ్గా పెట్టాడు. పీవీసీ పైపు వాలు ఫర్నేస్ వైపుకి, అడుగుకి పావు అంగుళం చొప్పున ఉండాలి, లోపల తయారైన నీళ్లు వెనక్కి వచ్చి డ్రెయిన్‌లో పడాలన్నమాట. ఆయన బయటికి వాలు పెట్టాడు, అదీ మధ్యలో బొజ్జలా కిందకి జారింది. బొజ్జలో నీళ్లు నిలిచి రాత్రి రెండింటికి ఫర్నేస్ ఆగిపోయేది, మిగతా నీళ్లు బయట చుక్కచుక్కగా పడి నడిచే దారి మీద గాజుపలకలా గడ్డకట్టేవి, పాల గ్యాలన్లు రెండు చేతుల్లో పట్టుకుని దాని మీద కాలేశాను, మిగతాది మీరే ఊహించుకోండి. నెల రోజులు నడుం పట్టీతో ఆఫీసుకెళ్లా.

కాబట్టి పర్మిట్‌తోనే చేయించండి. పాతది లక్ష బీటీయూ (వేడిని కొలిచే లెక్క) కదా కొత్తదీ లక్షే పెట్టేస్తాం అంటే మాత్రం ఒప్పుకోకండి, ఇంటికి ఎంత వేడి కావాలో తేల్చే మాన్యువల్ జె అనే లెక్క వేయమనండి, మధ్యలో కిటికీలు మార్పించి అటక మీద ఇన్సులేషన్ వేయించి ఉంటే అంత అక్కర్లేకపోవచ్చు. అవసరానికి మించి పెద్దదైతే ఊరికే ఆన్ ఆఫ్ అవుతూ ఇల్లు ఒకచోట వేడి ఒకచోట చలి. పని అయ్యాక గ్యాస్ ప్రెషర్ మీటరు పెట్టి చూశారా (నేచురల్ గ్యాస్‌కి మామూలుగా 3.5 అంగుళాల వాటర్ కాలమ్, అంటే ఆ ప్రెషర్‌ని కొలిచే లెక్క, మీ ఫర్నేస్ లేబుల్ మీద ఉన్నదే ఫైనల్), జాయింట్లకి సబ్బు నురగ పెట్టి చూశారా అని అడగండి. వెలిగింది కదా అంటే సరిపోదు.

ప్రశ్న: న్యూజెర్సీ ఎడిసన్ నుంచి. పోయిన నెల 96 శాతం ఫర్నేస్ పెట్టించాం. అమ్మానాన్న గుడివాడ నుంచి వచ్చి బేస్‌మెంట్‌లో పడుకుంటున్నారు. అమ్మకి పొద్దున్నే తలనొప్పి, వికారం, వాకింగ్‌కి వెళ్తే తగ్గిపోతోంది. సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అలారం రెండుసార్లు మోగింది, పాతది కదా అని బ్యాటరీ తీసేశాం. కొత్త ఫర్నేస్‌లో తేడా ఉందంటారా?

జవాబు: మీ ఉత్తరం అందిన రోజే మీకు ఫోన్ చేసి చెప్పాం, అందర్నీ తీసుకుని బయటికి వచ్చేయండి, బయట నిలబడి 911కి (అక్కడి ఎమర్జెన్సీ నంబరు) చేయండి అని. మిగతావాళ్ల కోసం మళ్లీ రాస్తున్నా. ఇంట్లో ఉంటే తలనొప్పి, బయటికెళ్తే తగ్గడం, ఇది కార్బన్ మోనాక్సైడ్ గుర్తు. గ్యాస్ లీకైతే అందులో కలిపిన కంపు మందు వల్ల ముక్కుకి తెలుస్తుంది, దీనికి వాసనా లేదు రంగూ లేదు. మంటలతో సంబంధం లేకుండా ఇలా పొరపాటున దీనివల్ల అమెరికాలో ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారని అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్క. అలారం కూడా ఊరికే మోగదు, 70 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 70 వంతులు) ఉంటే గంట నుంచి నాలుగు గంటలు చూసి మోగుతుంది, 400 ఉంటే 4 నుంచి 15 నిమిషాల్లో. నాలుగేసి బీప్‌లు వరసగా వస్తే కార్బన్ మోనాక్సైడ్ ఉన్నట్టు, ఎప్పుడో ఒక చిన్న కీచుమంటే బ్యాటరీయో దాని ఆయుష్షో అయిపోయినట్టు. వెనకాల తేదీ ఉంటుంది చూడండి.

ఇక ఎవరిది తప్పు అంటే, నా అనుమానం ఫర్నేస్ మీద కాదు, పక్కనున్న వాటర్ హీటర్ మీద. ఇంతకుముందు పాత ఫర్నేస్, వాటర్ హీటర్ రెండూ ఒకే ఇటుక చిమ్నీలోకి పొగ వదిలేవి, ఫర్నేస్ వేడికి చిమ్నీ వెచ్చగా ఉండి పొగని పైకి లాగేది. ఇప్పుడు ఫర్నేస్ తన పీవీసీ తను చూసుకుని వెళ్లిపోయింది, అంత పెద్ద చల్లటి చిమ్నీలో చిన్న వాటర్ హీటర్ ఒక్కటే మిగిలింది. అక్కడి పనివాళ్లు దాన్ని అనాథ వాటర్ హీటర్ అనే అంటారు. దాని పొగకి పైకి లేచే సత్తువ చాలదు, చిమ్నీలో చెమ్మ పడుతుంది, కొన్నిసార్లు పొగ వెనక్కి తిరిగి గదిలోకే వస్తుంది. దానికి తోడు మన వంటిళ్లలో తాలింపు ఘాటు పోవాలని పొయ్యి పైన గాలి లాగే పెద్ద హుడ్ పెట్టిస్తాం కదా, అది ఇంట్లో గాలి లాగేస్తుంటే ఆ లోటు చిమ్నీలోంచి పూడుతుంది. ఇలాంటి ఇళ్లలో హుడ్ 400 సీఎఫ్ఎం (నిమిషానికి అన్ని క్యూబిక్ అడుగుల గాలి) దాటితే బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు ఉండాలని కోడ్ అడిగేది అందుకే.

ఫైర్ వాళ్లు వచ్చి ఇల్లు క్లియర్ చేశాక టెక్నీషియన్‌ని పిలవండి, ఆయనతో మొదట ఈ టెస్ట్ చేయించండి. కిటికీలు మూసి, హుడ్, బాత్రూం ఫ్యాన్లు, బట్టల డ్రయర్ అన్నీ ఆన్ చేసి, వేడినీళ్ల కొళాయి తిప్పి హీటర్ వెలిగాక ఐదు నిమిషాలకి దాని నెత్తిమీద గొడుగులాంటి రేకు ఉంటుందే, అక్కడ అగరొత్తి పెడితే పొగ లోపలికి పీల్చుకోవాలి, మీ మొహం మీదకి వస్తే దొరికినట్టే. ఆయన దగ్గర మీటర్ ఉంటుంది, అగరొత్తి ఏంటని నవ్వినా పర్లేదు, మీకు కళ్లకి కనపడుతుంది. మందు ఏంటంటే చిమ్నీలో హీటర్ సైజుకి సరిపడా లైనర్ (లోపలి గొట్టం) దింపడం, లేదా ఫ్యాన్‌తో బయటికి తోసే హీటరో కరెంటుదో మార్చడం. ఫర్నేస్ పెట్టినవాళ్లు ఈ మాట ముందే చెప్పి ఉండాల్సింది, మీ కాగితాల్లో రాశారేమో వెతకండి, లేకపోతే వాళ్లని గట్టిగా అడగండి.

మా అమ్మమ్మ బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టినప్పుడు తలుపు ఎప్పుడూ ఓరగా తీసే ఉంచేది. పీపీఎం అంటే ఆవిడకేం తెలుసు.

ప్రశ్న: ఒహాయో డబ్లిన్ నుంచి. బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్, పూజ గది కట్టిస్తున్నాం. ఫర్నేస్, వాటర్ హీటర్ కనపడకుండా చుట్టూ గోడ కట్టి తలుపు పెట్టేయొచ్చా?

జవాబు: పెట్టొచ్చు, గాలి లెక్క చూసుకుని. గదిలో గాలి వాడుకుని మండేవాటికి ప్రతి 1000 బీటీయూకి 50 క్యూబిక్ అడుగుల జాగా కావాలని పాత లెక్క. మీ ఫర్నేస్ 80,000, హీటర్ 40,000 అనుకుందాం, కలిపి 6000 క్యూబిక్ అడుగులు, అంటే 8 అడుగుల ఎత్తు సీలింగ్‌కి 750 చదరపు అడుగులు. మీరు కట్టే 8 బై 10 గదిలో 640 క్యూబిక్ అడుగులే ఉంటాయి, పదో వంతు. అందుకని గోడకి పైన ఒకటి, కింద ఒకటి కన్నాలు పెట్టి పెద్ద హాల్లోకి తెరవాలి, పైది సీలింగ్ నుంచి 12 అంగుళాల లోపు మొదలవ్వాలి, కిందది నేల నుంచి 12 అంగుళాల లోపు, ఒక్కోటి 120 చదరపు అంగుళాలు. ఆ హాలు, గది కలిపి 6000 దాటాలి. మోసం ఎక్కడంటే, ఆ కన్నాలకి చెక్క లూవర్ (ఏటవాలు పలకల జాలీ) పెడితే దాని పలకలు అడ్డం కాబట్టి పావు వంతే లెక్కలోకి వస్తుంది, ఇనపదైతే ముప్పావు. కాంట్రాక్టర్ అందంగా ఉంటుందని చెక్క తలుపు చూపిస్తాడు, జాగ్రత్త. ఫర్నేస్ గనక బయటి గాలిని సొంత పైపుతో తెచ్చుకునే రెండు పైపులదైతే దాన్ని ఈ లెక్కలోంచి తీసేయొచ్చు. ఆ గదిలో బ్లీచ్, పెయింట్ డబ్బాలు పెట్టకండి, క్లోరిన్ ఆవిర్లకి హీట్ ఎక్స్‌చేంజర్ (ఫర్నేస్ లోపల మంట వేడిని గాలికి అందించే భాగం) తుప్పు పడుతుంది. పూజ సామాను, నూనె, కర్పూరం కూడా పక్క గదిలోనే ఉంచండి.

ప్రశ్న: హైదరాబాద్ కూకట్‌పల్లి. బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉంది, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే చాలా?

జవాబు: చాలదు. ఇక్కడా గొడవ ఆ కార్బన్ మోనాక్సైడే, తలుపేసుకుని ఇరవై నిమిషాలు స్నానం చేసే గదిలో మంట ఉండకూడదు, ఫ్యాన్ వేయడం ఏదో ఒకరోజు ఎవరో ఒకరు మర్చిపోతారు. గీజర్‌ని బాల్కనీకో యుటిలిటీకో మార్చి వేడినీళ్ల పైపు మాత్రం లోపలికి తెచ్చుకోండి. మన సిలిండర్ గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది, అమెరికాలో లైన్లో వచ్చే గ్యాస్‌లా పైకి తేలిపోదు, కాబట్టి కంపు వస్తే స్విచ్చిలు ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి కిటికీలూ తలుపులూ తెరిచి, బయటికొచ్చి గ్యాస్ లీకుల హెల్ప్‌లైన్ 1906కి చేయండి. బాల్కనీ దాకా పైపు లాగాలంటే ఖర్చు ఎక్కువవుద్ది అంటాడు ప్లంబర్, అవ్వనివ్వండి.