‘సెలవులు’ పగలడం తప్పా?

సందేహం: గ్లూకగనోమా అనే అరుదైన క్లోమ కణితి గురించి వైద్య విద్యార్థుల కోసం తెలుగులో వ్యాసం రాస్తున్నాను. పరీక్షలో వైద్యుడికి కనిపించేవన్నీ ‘లక్షణాలు’ అన్నాను. ఆ కణితితో వచ్చే చర్మవ్యాధి నెక్రోలైటిక్ మైగ్రేటరీ ఎరిథీమాను ‘చచ్చుబడిన వలస ఎరుపు’ అన్నాను. ‘సెలవులు పగలడం’ అని రాస్తే దిద్దినవారు కొట్టేసి ప్రశ్నార్థకం పెట్టారు. ఏవి ఒప్పు?

సమాధానం: దిద్దినవారు కొట్టేసిన మాటే ఒప్పు. పై పెదవీ కింది పెదవీ కలిసే మూల సెలవి. పెదవి పెదవులైనట్టే సెలవి సెలవులవుతుంది. దిద్దినవారికి దసరా సెలవులు గుర్తొచ్చి ఉంటాయి. ‘నోటి సెలవులు’ అంటే ఆ చిక్కు రాదు. ఈ జబ్బులో అవి ఎర్రబడి, చీలి, నోరు తెరిస్తే నొప్పెడతాయి.

ఇక ‘లక్షణం’. పాత వైద్యులు రోగిని మూడు విధాల పరీక్షించారు: దర్శనం, స్పర్శనం, ప్రశ్నం. అడిగితే రోగి చెప్పేది ఒకటి, కంటికీ చేతికీ దొరికేది మరొకటి. ఈ తేడా మాటల్లో మాత్రం స్థిరపడలేదు. లింగం, లక్షణం, చిహ్నం అన్నింటినీ వాళ్లు పర్యాయపదాలుగానే వాడారు. కాబట్టి హద్దు మనమే గీసుకోవాలి. రోగి చెప్పేదాన్ని లక్షణం అనీ, వైద్యుడు పట్టుకునేదాన్ని గుర్తు అనీ రాయండి. నాలుక మండుతోందనడం లక్షణం. నాలుక మీది గరుకు పోయి, నున్నగా, ఎర్రగా ఉండటం గుర్తు. దీన్ని ‘నాలుకకు పూత’ అనకండి. నోరు పూయడమంటే పుండు పడటమే గానీ, నాలుక మీద పూత అంటే చదివేవాళ్లు తెల్లటి పాచి అనుకుంటారు.

అసలు చిక్కు ఆ పొడుగు పేరుతోనే. ఈ కణితితో వచ్చే చర్మవ్యాధిని 1942లోనే వర్ణించినా, ఈ పేరు మాత్రం 1973లో విల్కిన్సన్ అనే చర్మవైద్యుడు పెట్టాడు. మీ అనువాదంలో ‘చచ్చుబడిన’ మొదటి తప్పు. చచ్చుబడిన కాలంటే కదలని కాలు, స్పర్శ లేని కాలు. ఇక్కడ జరిగేది అది కాదు. ఈ కణితి నుంచి గ్లూకగాన్ అనే హార్మోను అతిగా ఊరి, రక్తంలోని అమైనో ఆమ్లాలను హరించేస్తుంది. చర్మానికి పోషణ కరువై, పైపొరలో పై భాగం చచ్చి ఊడుతుంది. ‘కుళ్లిన’ అని రాసినా తప్పే, ఇందులో చీమూ వాసనా లేవు.

‘వలస’ కూడా కుదరదు. వలసపోయినవాడు ఉన్న ఊరు వదిలి వెళ్తాడు. ఈ మచ్చ నడుమ మానుతూనే అంచు వెంట ముందుకు సాగుతుంది. తామరను చూసి పల్లెలో ఏమంటారు? ‘పాకింది’ అంటారు. అదే ఇక్కడా సరిపోతుంది. ‘పాకుడు’ అని మాత్రం అనకండి, అది కోనేటి మెట్ల మీద జారే నాచు.

ఎరిథీమాకు ‘ఎరుపు’ కంటే ‘కందు’ మేలు. చామనఛాయ ఒంటి మీద ఇది ఎర్రగా కాక ముదురు రాగి రంగులోనో ఊదాగానో కనిపించవచ్చు. ఎండకు ముఖం కందిందంటే ఎర్రబడటమూ నల్లబడటమూ రెండూ వస్తాయి. మొత్తంగా ‘పొర చచ్చి పాకే కందు’ అని, మొదటిసారి మాత్రం పక్కన అసలు పేరు రాయండి.

ఆ తర్వాతి దశలకు తెలుగులో మాటలకు కొదవ లేదు: కందిన చోట బొబ్బ లేస్తుంది, చిట్లుతుంది, పచ్చిపుండై పక్కు కడుతుంది, పక్కు రాలి నల్లమచ్చ మిగులుతుంది. ఇదంతా ఒకటి రెండు వారాల్లో నడుస్తుంది. ఒకే మనిషి ఒంటి మీద అన్ని దశలూ ఒకేసారి కనిపిస్తాయి. బట్ట ఒరుసుకునే చోట్లు, అంటే గజ్జలు, పిరుదులు, పొత్తికడుపు, ముందు చూడాలి. గజ్జల్లో ఒరిపిడి పుండు అనో, సోరియాసిస్ అనో పొరబడి నెలల తరబడి లేపనాలు రాయడం మామూలే. పరీక్షకు చర్మం ముక్క తీసేది పాత పక్కు నుంచి కాదు, పాకుతున్న కొత్త అంచు నుంచి. ‘అంచు’ అనే మాట మీ వ్యాసంలో తప్పక ఉండాలి.

మీరు అడగకపోయినా, ఈ జబ్బుకు పనికొచ్చే మాట ఇంకొకటి. తెలుగులో అలవాటుగా ‘కాళ్ల వాపు’ అనేస్తాం. ఈ రోగుల్లో లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. అలా గడ్డకడితే సాధారణంగా ఒక కాలే వాస్తుంది. ‘ఒక కాలి పిక్క వాపు’ అని ఏకవచనంలో రాయండి. టేపుతో కొలవమని చెప్పేటప్పుడు కూడా ‘మోకాలి కింద’ అని వదిలేయకుండా, మోకాలి చిప్పకు దిగువన ముందువైపు చేతికి తగిలే ఎముక బొడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందికని రాయండి. రెండు పిక్కల చుట్టుకొలతల తేడా 3 సెంటీమీటర్లు దాటితే స్కానింగ్ ఆలస్యం చేయకూడదు. బహువచనంలో రాస్తే చదివినవాడు రెండో కాలితో పోల్చి చూడడు.