ఆయాగా చేరుతున్న మేనకోడలికి

అమ్మలూ,

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో ఆయాగా చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. జీతం గురించి నన్నడక్కు, పని గురించి చెబుతాను.

మొదటి ఏడాది నేనో తప్పు చేశాను. సిపి (సెరిబ్రల్ పాల్సీ) ఉన్న, అంటే మెదడు దెబ్బతిని కాళ్లూచేతులూ సరిగ్గా స్వాధీనంలో లేని బాబు ఒకడు లంక నుంచి పడవలో రేవు దాటి వచ్చేవాడు. అన్నం తినడానికి అరగంట, అందులో సగం నేలపాలు. చూసేవాళ్లు ఏమనుకుంటారోనని గబగబా కలిపి నేనే తినిపించేసేదాన్ని. వరద సెలవులయ్యాక వాళ్లమ్మ వచ్చి, "ఇదివరకు చెంచా పట్టేవాడండీ, ఇప్పుడు నోరు తెరుచుకుని కూర్చుంటున్నాడు" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. తర్వాత చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేశాను, జారకుండా పళ్లెం కింద తడిగుడ్డ వేశాను. నిటారుగా కూర్చోబెట్టు, తల వెనక్కి వాలనివ్వకు, పొలమారుతుంది. బడి భోజనానికి మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారుగా. ఆవిడ ఎందరికో అన్నం పెట్టిన తల్లి. మన పని మాత్రం పిల్లాడు తనంతట తాను తినేదాకా చేతులు కట్టుకోవడం. అదే కష్టం.

మామూలు క్లాసుకి తీసుకెళ్లినా పక్కనే అతుక్కోకు, వెనక కూర్చో. నువ్వు పక్కనుంటే మాస్టారు ప్రశ్న వాడినడగరు, నిన్నడుగుతారు.

ఫిట్స్ వస్తే తాళాలగుత్తి చేతిలో పెట్టమని నలుగురూ అరుస్తారు. వినకు. పక్కకి తిప్పి పడుకోబెట్టు, తల కింద మెత్తటిదేదైనా పెట్టు, నోట్లో ఏమీ పెట్టకు, గట్టిగా అదిమి పట్టుకోకు. గడియారం చూసుకో. 5 నిమిషాలు దాటితే 108కి చెయ్యి.

ఫిజియోథెరపీ ఆయన వచ్చిన రోజు పిల్లల్ని ఎలా ఎత్తుతున్నారో చూడు. నడుం కాదు, మోకాళ్లు వంచాలి. నా నడుం సంగతి నీకు తెలుసుగా! బాత్రూంకి తీసుకెళ్లేటప్పుడు చెప్పి ముట్టుకో, తలుపు వేసెయ్యి. ఆడపిల్లైనా మగపిల్లాడైనా సిగ్గు సిగ్గే.

"ఇలాంటివాళ్లకి బడెందుకు" అనేవాళ్లు తగులుతారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలు గుర్తించింది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కుంది. వాళ్లతో వాదన పెట్టుకోకు, తల్లులకి మాత్రం చెప్పు. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ లేనివాళ్లుంటే టీచరుగారి దృష్టికి తీసుకెళ్లు.

ఆదివారం ఇటు రా, చెంచాకి గుడ్డ ఎలా చుట్టాలో చూపిస్తాను. మీ నాన్న పాత లుంగీ ముక్కొకటి తెచ్చుకో.

మీ అత్తయ్య