మేత బీడులో గడ్డి పోతే మట్టిలోని సూక్ష్మజీవులు ఏమవుతాయి? జీవామృతం చల్లితే తిరిగొస్తాయా?

ఊరి మేత బీడులో గడ్డి పోయి నేల బండబారింది, జీవామృతం (పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి, గుప్పెడు మట్టి కలిపి పులియబెట్టిన నీళ్లు) చల్లితే సరిపోతుందా అని అడిగారు. ఒట్టి నేల మీద చల్లితే సరిపోదండి. మాది అనంతపురం వైపు ఎర్రనేల, మా గుట్ట కింద బీడు కూడా అచ్చం మీరు రాసినట్టే ఉండేది, తంగేడు, వెంపలి తప్ప ఇంకేమీ మిగల్లేదు, ఎందుకంటే ఆ రెండింటినీ గొర్రెలు పెద్దగా ముట్టవు.

అసలు సంగతి వేళ్ల దగ్గర ఉంది. గడ్డి తయారుచేసుకునే ఆహారంలో మూడో వంతు నుంచి సగం దాకా భూమిలోకే పోతుంది. కొంత వేరుగా పెరుగుతుంది, కొంత చక్కెరల రూపంలో వేరు చుట్టూ ఊరి సూక్ష్మజీవులకు తిండవుతుంది. ఆకు సగానికి పైగా కొరికేశాక మళ్లీ చిగురు వేసేలోపే ఇంకో మంద దిగితే గడ్డికి వేరు పెంచే ఓపిక ఉండదు. పైకి పచ్చగానే కనిపిస్తుంది గానీ కింద తిండి తగ్గిపోతుంది. బాగా దెబ్బతినేది మైకోరైజా శిలీంధ్రాలు, బతికున్న వేరు దొరక్కపోతే అవి పెరగలేవు, మట్టి రేణువుల్ని కలిపి పట్టుకోవడంలో వాటి పోగులది పెద్ద పాత్ర. అవి పోయాక చినుకు దెబ్బకు మట్టి చెదిరి పైన అట్ట కడుతుంది, నీళ్లు ఇంకవు, పై మట్టి కొట్టుకుపోతుంది. సూక్ష్మజీవులు ఎక్కువగా ఉండేది ఆ పై మట్టిలోనే. ఎండాకాలంలో ఒట్టి నేల 50 డిగ్రీలు దాటి కాలుతుంటే మిగిలినవి చాలావరకు ముడుచుకుని నిద్రలోకి పోతాయి, అన్నీ చావవు. (తొలకరికి మట్టివాసన బాగా వస్తోంది కదా అని మురిసిపోకండి, అది ఆక్టినోమైసీట్స్ అనే బ్యాక్టీరియా పని, అవి కరువుకు ఓర్చుకునే రకం.)

నమ్మకం లేకపోతే ఇలా చూడండి. పశువుల నోరు అందని రేగు పొద మొదట్లో, గడ్డి దుబ్బు పక్కన ఒక పెడ్డ తీసుకోండి, ఒట్టి నేలలో ఇంకో పెడ్డ. రెండూ నీడలో బాగా ఆరనిచ్చి చెరో గ్లాసు నీళ్లలో వేయండి. మా బీడులో ఒట్టి నేల పెడ్డ వేసీవేయగానే బుడగలొచ్చి బురదగా కూలిపోయింది, పొద కింది పెడ్డ చాలాసేపు అలాగే నిలబడింది, నీళ్లు కూడా తేటగానే ఉన్నాయి. ఆ దుబ్బు పీకితే వేళ్లకు పట్టిన మట్టి దులిపినా రాలలేదు. భూసార పరీక్ష కార్డులో 12 అంశాలుంటాయి, సూక్ష్మజీవుల లెక్క ఒక్కటీ ఉండదు. అందులో సేంద్రియ కర్బనం ఒక్కటి చూసుకోండి, 0.5 శాతం కంటే తక్కువుంటే వాటికి తిండి కరువని అర్థం.

జీవామృతం పనికిరాదని అనడం లేదు. పంట, ఆచ్ఛాదన (నేలను కప్పే ఆకూ అలమూ) ఉన్న చేలో పోయండి. అయినా అందులో గుప్పెడు గట్టు మట్టి ఎందుకు వేస్తాం? దున్నని గట్టు మీద గడ్డి వేళ్ల మధ్య ఆ జీవులు ఉన్నాయనేగా! మీ బీడుకు కావాల్సింది ఆ గడ్డే.

మేం కాపరులతో కూర్చుని మాట్లాడి, తొలకరి నుంచి గడ్డి గింజ రాలేదాకా ఒక పక్కకు మంద తోలకుండా ఒప్పించుకున్నాం, మరుసటి ఏడు ఇంకో పక్క. మొదట ఒక్క ఏడాదే బతికే రకం గడ్డి వచ్చింది, ఏళ్ల తరబడి నిలిచే బోదగడ్డి దుబ్బులు తర్వాత మెల్లగా. కర్బనం పెరగడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది, తొందరపడితే లాభం లేదు. గొర్రెల్ని తిట్టకండి, తప్పంతా ఏడాది పొడవునా ఒకేచోట మేపడంలో ఉంది. ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు: పగలు బీడులో మేసిన మంద రాత్రి రైతు చేలో పడుకుంటుంది, అంటే బీడు బలం రోజూ పెంటికల రూపంలో చేలకు తరలిపోతోంది. వానలకు ముందు కొన్ని రాత్రులైనా బీడులోనే, గడ్డి లేనిచోట మంద పెట్టించండి.

బాగుచేస్తామని ట్రాక్టరుతో దున్నించకండి, మిగిలిన కాస్త వేళ్లూ పోగులూ తెగిపోతాయి. సర్కారు తుమ్మ మొలకలుంటే చిన్నప్పుడే వేళ్లతో పీకేయండి. స్టైలో (పప్పుజాతి పశుగ్రాసం) చల్లాలనుకుంటే గింజను కాసేపు వేడినీళ్లలో ఉంచి ఆరబెట్టి చల్లండి, పైతోలు గట్టిది కాబట్టి లేకపోతే సగం మొలవదు.