టెక్ సందేహాలు: మిల్లు మెషిన్లకు సర్వీసు గంటల లెక్కన

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర రైస్‌మిల్లు. షెల్లర్, పాలిషర్, ఎలివేటర్లు, జనరేటర్ అన్నింటికీ నెలకోసారి సర్వీసు అని గూగుల్ షీట్‌లో తేదీలు పెట్టుకున్నాం. అయినా సీజన్‌లోనే బేరింగులు పోతున్నాయి. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనాలా?

జవాబు: ఇప్పుడే కొనకండి. మీ షీట్‌లో తప్పు ఒకటే, నెల లెక్క. యాసంగి వడ్లు దిగినప్పుడు రోజుకు 20 గంటలు నడిస్తే నెలకు 600 గంటలు. ఖాళీ నెలల్లో రోజుకు 4 గంటలే నడిస్తే 120. గ్రీజు మాత్రం రెండు నెలల్లోనూ ఒక్కసారే పడుతోంది. అంటే సీజన్‌లో చాలదు, తర్వాత ఎక్కువవుతుంది. గ్రీజు ఎక్కువైనా బేరింగ్ వేడెక్కుతుంది.

ముందు ప్రతి పెద్ద మోటారుకూ నడిచిన గంటలు లెక్కపెట్టే అవర్ మీటరు పెట్టించండి. ప్యానెల్‌లో మోటారును ఆన్, ఆఫ్ చేసే కాంటాక్టర్ కాయిల్‌కు సమాంతరంగా కలిపితే మోటారు తిరిగినంతసేపే లెక్క నడుస్తుంది. కాయిల్ 230 వోల్టులదా, 415దా చూసి అదే వోల్టేజి మీటరు తెమ్మని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. షెల్లర్‌లో పొట్టు ఊడదీసే జంట రబ్బరు రోళ్లకు మాత్రం గంటలు పనికిరావు, ఆడిన వడ్ల క్వింటాళ్లు లెక్కపెట్టాలి. వేగంగా తిరిగే రోలు ముందు అరుగుతుంది కాబట్టి రెండింటినీ అటూ ఇటూ మార్చే పనికి విడిగా ఒక వరుస పెట్టండి.

షీట్‌లో ఒక్కో పనికి ఒక్కో వరుస. కాలమ్‌లు ఇవి: మెషిన్ కోడ్, పని, ఎన్ని గంటలకోసారి, గత సర్వీసు తేదీ, అప్పటి రీడింగు, ఇవాళ్టి రీడింగు, మిగిలిన గంటలు, రోజువారీ సగటు, గడువు తేదీ. జనరేటర్ ఆయిల్‌నే తీసుకోండి. మాన్యువల్‌లో 250 గంటలు లేదా 6 నెలలు, ఏది ముందైతే అది అని ఉందనుకుందాం. గతసారి 4120 దగ్గర మార్చారు, ఇప్పుడు 4310. 190 అయ్యాయి, 60 మిగిలాయి. రోజుకు 6 గంటల చొప్పున ఇంకా 10 రోజులు. ఇవాళ్టి తేదీకి 10 కలిపితే ఒక తేదీ, గత సర్వీసుకు 6 నెలలు కలిపితే ఇంకో తేదీ. మిన్ ఫంక్షన్‌తో రెండింట్లో ముందుదాన్ని చూపించండి. సగటును గత 7 రోజులకే తీయండి. ఏడాది సగటు తీస్తే సీజన్ మొదట్లో గడువు ఎంతో దూరంగా కనిపిస్తుంది. మెషిన్ ఆగి సగటు సున్నా అయితే భాగహారం కుదరక ఎర్రర్ వస్తుంది. ఇఫ్‌ఎర్రర్ ఫంక్షన్ వాడి అప్పుడు క్యాలెండర్ తేదీనే చూపమనండి.

పని పేరు దగ్గర ఉత్త 'గ్రీజు' అని రాయొద్దు, కొలత రాయండి. మోటారులో 6310 నంబరు బేరింగ్ ఉంటే బయటి వ్యాసం 110 మి.మీ., వెడల్పు 27. రెండింటినీ గుణించి 0.005తో హెచ్చిస్తే సుమారు 15 గ్రాములు. మీ గ్రీజు గన్‌తో 10 స్ట్రోకులు కాగితంపై కొట్టి తూకం వేయండి. 15 గ్రాములు వస్తే ఆ వరుసలో '10 స్ట్రోకులు' అని రాసేయండి. రెండు వైపులా సీలు ఉన్న బేరింగ్‌కు గ్రీజు అక్కర్లేదు, ఆ వరుస తీసేయండి.

రెండు చోట్ల జాగ్రత్త. మీటరు పాడై కొత్తది పెడితే రీడింగు సున్నాకొస్తుంది. పై జనరేటర్ వరుసలో షీట్ మిగిలిన గంటలు 4370 (250 + 4120) అని చూపిస్తుంది, గంటల లెక్కన ఇక గడువే రాదు. పాత మీటరు చివరి రీడింగుకు ఒక కాలమ్ ఉంచి, దాన్ని కొత్త రీడింగుకు కలపండి. రెండోది, 4310 బదులు 43100 కొట్టడం. రోజుకు 24 గంటలకు మించి పెరిగిన రీడింగును తీసుకోకుండా డేటా వ్యాలిడేషన్ పెట్టండి.

ఈ లెక్క ఒక సీజన్ సరిగ్గా నడిచాక సాఫ్ట్‌వేర్ చూడొచ్చు. ఈఆర్‌పీనెక్స్ట్ అనే వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే 'మెయింటెనెన్స్ షెడ్యూల్' జోలికి పోకండి, అది కస్టమర్లకు అమ్మిన సరుకు సర్వీసు కోసం. మీ సొంత మెషిన్లకు 'అసెట్ మెయింటెనెన్స్' వాడాలి. ఏది కొన్నా డెమోలో మొదట అడగాల్సింది: మీటరు రీడింగు ఇస్తే గడువు దానంతటదే మారుతుందా?

ప్రశ్న: షీట్‌లో 05/06 అని కొడితే మే 6 అవుతోంది. 13/06 మాత్రం అలాగే ఉంటోంది. ఎందుకు?

జవాబు: మీ షీట్ అమెరికా పద్ధతిలో ఉంది, నెలను ముందు చదువుతోంది. 13వ నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా కాకుండా అక్షరాలుగా ఉంచేసింది, అందుకే సెల్‌లో ఎడమకు అతుక్కుని కనిపిస్తుంది. ఫైల్, సెట్టింగ్స్‌లోకి వెళ్లి లొకేల్‌ను (ఏ దేశం పద్ధతో చెప్పేది) ఇండియా చేయండి. ఇక్కడితో అయిపోలేదు. ఇదివరకే తారుమారైన తేదీలు మే 6గానే ఉండిపోతాయి. 13, ఆపై తేదీలను మళ్లీ కొట్టండి. 12 లోపు రోజులున్న వాటిని లాగ్‌బుక్‌తో ఒక్కొక్కటిగా సరిచూడండి. క్యాలెండర్‌లో నొక్కి ఎంచుకున్నవి సరిగ్గానే ఉంటాయి కాబట్టి అన్నింటినీ ఒకేసారి తిప్పితే అవీ చెడిపోతాయి.

ప్రశ్న: పని చేయకుండానే 'పూర్తయింది' అని టిక్ పెడుతున్నారు. ఆపేదెలా?

జవాబు: టిక్ బాక్సు తీసేసి అంకె అడగండి. ఎలివేటర్ మోటారుకు లోడుమీద ఆంపియర్లు, బేరింగ్‌కు ఉష్ణోగ్రత. గూగుల్ ఫామ్‌లో ఆ ప్రశ్నను తప్పనిసరి చేయండి. ప్రతి వారం అచ్చం ఒకే అంకె వస్తుంటే ఆ మెషిన్ దగ్గరికి మీరే ఆంపియర్లు కొలిచే క్లాంప్ మీటరు తీసుకుని వెళ్లండి.